పాజిటివ్ వచ్చాక మళ్లీ స్టీరింగ్ పట్టేదాకా: అమెరికా ట్రక్కు డ్రైవర్ల రిటర్న్-టు-డ్యూటీ దారి

అమెరికాలో సీడీఎల్, అంటే భారీ వాహనాల కమర్షియల్ లైసెన్సు మీద ట్రక్కు నడిపే డ్రైవరుకు డ్రగ్ టెస్టులో పాజిటివ్ ఖాయమైతే ఆ గంటలోనే బండి దిగాలి. చేతిలో ఉన్న లోడు దించి వస్తానన్నా కుదరదు. అంతవరకు అందరికీ తెలుసు. తర్వాత ఏం చేయాలన్న దగ్గరే ఎక్కువ మంది పొరబడతారు. కొన్నాళ్లు ఊరుకుంటే ఆ మచ్చ దానంతట అదే పోతుందనుకుంటారు. ఆరు నెలలు గోదాములో పనిచేసి, ఏడాది ఇంకేదో పని చూసుకుని, మళ్లీ ట్రక్కు కంపెనీలో దరఖాస్తు పెట్టేసరికి స్క్రీను మీద అదే మాట కనబడుతుంది: ప్రొహిబిటెడ్. ఈ నిషేధానికి గడువు తేదీ అంటూ లేదు. ఏళ్లు గడిచినా తీరదు. వరసలో ఉన్న మెట్లన్నీ ఎక్కితే మాత్రం కొన్ని వారాల్లోనో నెలల్లోనో తీరుతుంది. నిషేధంలో ఉన్న డ్రైవర్లలో సగానికి పైగా మొదటి మెట్టు కూడా ఎక్కలేదని ప్రభుత్వ లెక్కలే ఏళ్లుగా చెబుతున్నాయి. దారి తెలియక కొందరు, తెలిసినా మధ్యలో ఒక ముడి దగ్గర చిక్కుకుని కొందరు ఆగిపోతున్నారు. ఆ ముడి గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

నిబంధనలు ఇంత కఠినంగా ఎందుకున్నాయో రెండు ప్రమాదాలు చెబుతాయి. 1987 జనవరి 4న మేరీల్యాండ్‌లోని చేజ్ దగ్గర ఆమ్‌ట్రాక్ ప్యాసింజరు రైలు దారికి కాన్‌రెయిల్ ఇంజన్లు అడ్డొచ్చాయి. 16 మంది చనిపోయారు. ఆ ఇంజన్ల సిబ్బంది గంజాయి తాగి ఉన్నారని తేలింది. 1991 ఆగస్టు 28న న్యూయార్కులో యూనియన్ స్క్వేర్ దగ్గర సబ్‌వే రైలు పట్టాలు తప్పి ఐదుగురు పోయారు. మోటర్‌మన్ మద్యం మత్తులో ఉన్నాడు. అదే ఏడాది అక్టోబరులో రవాణా ఉద్యోగుల పరీక్షల చట్టం వచ్చింది. ట్రక్కులు, బస్సులు, రైళ్లు, విమానాలు, పైపులైన్లు, నగర రవాణా అన్నింటికీ పరీక్ష ఎలా జరగాలో, తప్పినవాళ్లు ఎలా తిరిగి రావాలో చెప్పే పుస్తకం 49 సీఎఫ్ఆర్ పార్ట్ 40, అంటే అమెరికా కేంద్ర నిబంధనల సంపుటంలో ఒక భాగం. ట్రక్కులకు దాని మీద, ట్రక్కులు, బస్సుల భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ వారి పార్ట్ 382 అదనం.

పాజిటివ్ అనేది ఎప్పుడు ఖాయమవుతుంది

ల్యాబు రిపోర్టు రాగానే పాజిటివ్ ఖాయమైనట్టు కాదు. మధ్యలో ఎమ్మార్వో ఉంటారు. మన దగ్గర ఆ మాట వింటే మండలాఫీసు గుర్తొస్తుంది. ఇక్కడ ఆ పొడి అక్షరాలకు అర్థం మెడికల్ రివ్యూ ఆఫీసర్, అంటే ల్యాబు ఫలితాన్ని పరిశీలించి తేల్చే డాక్టరు. ఆయన డ్రైవరుకు ఫోను చేసి, మందులేమైనా వాడుతున్నావా, ప్రిస్క్రిప్షన్ ఉందా అని అడుగుతారు. ఈ ఫోను ఎత్తకపోవడం మొదటి పెద్ద పొరపాటు. 24 గంటల్లో కనీసం మూడుసార్లు ప్రయత్నించి దొరక్కపోతే ఆయన కంపెనీలోని బాధ్యుడికి, అంటే డీఈఆర్‌కు చెబుతారు. డీఈఆర్ చెప్పిన తర్వాత కూడా 72 గంటల్లోగా డ్రైవరు మాట్లాడకపోతే, సంజాయిషీ వినకుండానే పాజిటివ్ అని తేల్చేయవచ్చు. తెలియని నంబరని వదిలేసిన ఫోను ఉద్యోగం మీదికి తెస్తుంది.

డీఓటీ, అంటే అమెరికా రవాణా శాఖ టెస్టులో చూసేది ఐదు తరగతులు: గంజాయి, కొకెయిన్, యాంఫెటమిన్లు, ఓపియాయిడ్లు, పీసీపీ అనే మత్తుమందు. 2018 జనవరి 1 నుంచి హైడ్రోకోడోన్, ఆక్సికోడోన్ లాంటి నొప్పి మాత్రలు కూడా ఓపియాయిడ్ల కింద చేరాయి. గంజాయికి తొలి పరీక్షలో మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు, నిర్ధారణ పరీక్షలో 15 నానోగ్రాములు హద్దు. పాజిటివ్‌లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది గంజాయే. కాలిఫోర్నియాలోనో కొలరాడోలోనో దుకాణంలో బిల్లుతో కొన్నానన్న మాట ఇక్కడ చెల్లదు. రాష్ట్రం ఒప్పుకున్నా, డాక్టరు కార్డు ఇచ్చినా, డీఓటీ లెక్కలో అది పాజిటివే. గంజాయి జాతి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె మాత్రమే వాడానన్న వివరణ కూడా నిలవదు. ఆ సీసాల మీద రాసినదానికంటే లోపల టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తిచ్చే పదార్థం, ఎక్కువ ఉండొచ్చని 2020లోనే డీఓటీ హెచ్చరించింది. సెలవుకు ఇండియా వచ్చి పండగ పూట తాగిన భంగుకూ ఇదే వర్తిస్తుంది. అందులో ఉండేదీ టీహెచ్‌సీయే.

మన వంటింటికి నేరుగా తగిలే విషయం గసగసాలు. కుర్మాలోనో బిర్యానీ మసాలాలోనో నూరి వేసే గసగసాల్లో మార్ఫిన్, కోడీన్ లేశంగా ఉంటాయి, మూత్రంలో కనబడతాయి కూడా. ఈ గొడవ తగ్గించడానికే ఆ రెండింటి హద్దును 1998లో 300 నుంచి 2,000 నానోగ్రాములకు పెంచారు. 2,000 దాటినా వెంటనే పాజిటివ్ కాదు. 15,000 లోపు ఉండి, హెరాయిన్ ఆనవాలైన 6-ఏఎం లేకపోతే, దుర్వినియోగానికి వైద్యపరమైన ఆధారం తన దగ్గర ఉంటేనే ఎమ్మార్వో పాజిటివ్ అనాలి. 15,000 చేరితే మాత్రం కూరలో గసగసాలు అన్న మాటను వినకూడదని రూలులోనే రాసి ఉంది. అప్పుడు సరైన ప్రిస్క్రిప్షన్ చూపించాల్సిన భారం డ్రైవరుదే.

ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల సంగతి కూడా తెలుసుకోవాలి. విదేశంలో చట్టబద్ధంగా తీసుకున్న మందును ఎమ్మార్వో పరిగణించవచ్చని పార్ట్ 40 ఒప్పుకుంటుంది. అయితే ఆ మందుకు నిజమైన వైద్య ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికే వాడి ఉండాలి. కోడీన్ ఉన్న దగ్గు సిరప్పును హైదరాబాదు డాక్టరు రాసిస్తే ఆ చీటీ, ఫార్మసీ బిల్లు, పేరు కనబడే సీసా దాచుకున్నవాడు బయటపడతాడు. దగ్గు వచ్చినప్పుడు తమ్ముడు ఇచ్చిన సిరప్పు తాగానంటే ఎమ్మార్వో చేయగలిగింది పెద్దగా ఉండదు.

ఫలితం మీద నమ్మకం లేకపోతే ఒక హక్కు ఉంది. నమూనా ఇచ్చిన రోజే దాన్ని రెండు సీసాల్లో పోస్తారు, ఒకదాంట్లో 30 మిల్లీలీటర్లు, రెండోదాంట్లో 15. ఎమ్మార్వో పాజిటివ్ అని చెప్పిన 72 గంటల్లోగా రెండో సీసాను వేరే ల్యాబులో పరీక్షించమని అడగవచ్చు. ముందు డబ్బు కట్టు, తర్వాత పంపుతామని కంపెనీ అనకూడదు. ఖర్చు తర్వాత రాబట్టుకోవచ్చు. రెండో సీసాలో ఆ డ్రగ్ దొరక్కపోతే టెస్టు రద్దవుతుంది. ఈ లోపు మాత్రం బండి దిగే ఉండాలి.

రిఫ్యూజల్, అంటే టెస్టును నిరాకరించడం అనే మరో గొయ్యి ఉంది. పిలిచిన టెస్టుకు వెళ్లకపోవడం, మధ్యలో లేచి వచ్చేయడం, మూడు గంటల సమయం, 40 ఔన్సుల దాకా ద్రవం ఇచ్చినా వైద్య కారణం లేకుండా చాలినంత మూత్రం ఇవ్వలేకపోవడం, నకిలీ నమూనా ఇవ్వడం అన్నీ రిఫ్యూజల్ కిందికే వస్తాయి. శిక్షలో దీనికీ పాజిటివ్‌కూ తేడా లేదు. తిరిగి వచ్చే దారి కూడా అదే. మద్యం విషయంలో పరీక్షలో ఆల్కహాలు మోతాదు 0.04 గానీ అంతకు మించి గానీ వస్తే ఉల్లంఘన. 0.02 నుంచి 0.039 దాకా వస్తే ట్రక్కు డ్రైవరును 24 గంటలు పక్కన పెడతారు, అంతవరకే.

క్లియరింగ్‌హౌస్, లైసెన్సు

2020 జనవరి 6కు ముందు ఒక కంపెనీలో పాజిటివ్ వచ్చిన డ్రైవరు, ఆ సంగతి దాచి మరో రాష్ట్రంలో మరో కంపెనీలో చేరిపోయిన సందర్భాలు ఉండేవి. ఆ రోజు నుంచి ఎఫ్‌ఎంసీఎస్‌ఏ క్లియరింగ్‌హౌస్, అంటే డ్రైవర్ల ఉల్లంఘనలన్నీ ఒకచోట నమోదయ్యే ఆన్‌లైన్ రికార్డు పనిచేస్తోంది. ఎమ్మార్వో తేల్చిన పాజిటివ్‌ను రెండు పనిదినాల్లో అందులో నమోదు చేయాలి. సీడీఎల్ డ్రైవరును పనిలోకి తీసుకునే ప్రతి కంపెనీ ముందుగా అందులో పూర్తి వివరాలు చూడాలి, ఉన్న డ్రైవర్లను ఏటా ఒకసారి చూడాలి. పూర్తి వివరాలు చూడటానికి డ్రైవరు ఆన్‌లైన్లో ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ కంపెనీ బండి ఇవ్వడానికి వీల్లేదు.

2024 నవంబరు 18న ఇంకో గొలుసు పడింది. అప్పటిదాకా నిషేధంలో ఉన్నా జేబులో సీడీఎల్ కార్డు అలాగే ఉండేది. ఇప్పుడు క్లియరింగ్‌హౌస్ నుంచి సమాచారం అందిన 60 రోజుల్లోగా రాష్ట్ర లైసెన్సు శాఖ సీడీఎల్‌ను తగ్గించి మామూలు లైసెన్సుగా మార్చాలి. ఆలోపే రిటర్న్-టు-డ్యూటీ టెస్టు, అంటే తిరిగి పనిలోకి వెళ్లేముందు ఇచ్చే టెస్టు నెగెటివ్‌గా నమోదైతే ఆ ప్రక్రియ ఆగిపోతుంది. ఒకసారి తగ్గించేశాక మళ్లీ పొందడానికి ఏ కాగితాలు, ఏ ఫీజు, ఏ పరీక్ష అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అందుకే మొదటి వారాల్లో కదిలినవాడికీ ఏడాది తర్వాత కదిలినవాడికీ పని భారంలో చాలా తేడా ఉంటుంది.

నిషేధం ట్రక్కులకే పరిమితం కాదు. ట్రక్కులో తప్పినవాడు సిటీ బస్సు, పైపులైను, విమానాల మరమ్మతు లాంటి డీఓటీ భద్రతా పనుల్లో దేనికీ వెళ్లలేడు. గోదాములో లెక్కలు, ట్రక్కింగ్ ఆఫీసులో ఫోన్ల పని చేసుకోవచ్చు.

నమోదైన దాన్ని డబ్బిస్తే తుడిపిస్తామనే వాళ్లు ఉంటారు. అలాంటి మార్గమే లేదు. పేరు, తేదీ, లైసెన్సు నంబరు లాంటివి తప్పుగా ఎక్కితే ఎఫ్‌ఎంసీఎస్‌ఏ వారి డేటాక్యూస్ అనే వెబ్‌సైటు ద్వారా సరిచేయమని అడగవచ్చు. టెస్టు ఫలితమే తప్పన్న వాదన అక్కడ చెల్లదు. దాని స్థానం 72 గంటల లోపు రెండో సీసా దగ్గరే.

సాప్ దగ్గర జరిగేది

మొదటి మెట్టు సాప్. సబ్‌స్టెన్స్ అబ్యూస్ ప్రొఫెషనల్ అనే ఈ వ్యక్తి డాక్టరు కావచ్చు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు, లైసెన్సున్న ఫ్యామిలీ థెరపిస్టు, గుర్తింపు పొందిన వ్యసన కౌన్సిలరు కావచ్చు. డీఓటీ శిక్షణ తీసుకుని పరీక్ష పాసై ఉండటం మాత్రం తప్పనిసరి. ఊళ్లో మంచి కౌన్సిలరు కదా అని అర్హత లేనివాళ్ల దగ్గరికి వెళ్లి వారాలూ డబ్బూ పోగొట్టుకున్నవాళ్లకు ఆ హాజరు ఒక్క రోజు కూడా లెక్కలోకి రాదు. ఉల్లంఘన జరిగినప్పుడు సాప్‌ల పేర్ల జాబితా ఇవ్వడం కంపెనీ బాధ్యత, ఉద్యోగంలోంచి తీసేసినా సరే. ఆ సాప్‌లలో నుంచే ఎంచుకోవాలనేం లేదు.

క్లియరింగ్‌హౌస్‌లో డ్రైవరు ఉచితంగా ఖాతా తెరిచి, ఎంచుకున్న సాప్‌కు అభ్యర్థన పంపాలి. సాప్ అంగీకరించాకే వాళ్లు ఏదైనా నమోదు చేయగలరు. మాట్లాడుకుని, ఫీజు కట్టి, ఈ ఒక్క నొక్కు మరిచిపోయి నెలల తరబడి ఫైలు కదల్లేదని అడిగేవాళ్లు ఉన్నారు. 2023 జూన్ 1 నుంచి ఈ మదింపు వీడియోలో చేయవచ్చు. మనిషి కనబడుతూ, మాట వినబడుతూ, అప్పటికప్పుడు జరగాలి, ఫోనులో మాటలు చాలవు. వీడియోలో చేసేటప్పుడు డ్రైవరు ఏ రాష్ట్రంలో కూర్చుని మాట్లాడుతున్నాడో ఆ రాష్ట్రంలో పనిచేసే అనుమతి సాప్‌కు ఉండాలి.

సాప్ ఎవరి పక్షమూ కాదు. డ్రైవరు వకీలూ కాదు, కంపెనీ మనిషీ కాదు. ప్రయాణికుల, తోటి వాహనాల భద్రతే ఆ పాత్ర ఉద్దేశమని నిబంధనే చెబుతుంది. నాకు వ్యసనం లేదు, ఒక్కసారి జరిగిన పొరపాటు అని డ్రైవరు ఎంత చెప్పినా, సాప్ ఏదో ఒక సహాయం సూచించి తీరాలి. అది కొన్ని గంటల విద్యా తరగతి కావచ్చు, వారానికి మూడు రోజుల ఔట్‌పేషెంట్ చికిత్స కావచ్చు, ఆస్పత్రిలో చేరడం కావచ్చు. ఇంటర్వ్యూలో అబద్ధమాడితే ఆ అబద్ధమే తర్వాత భారమవుతుంది. ల్యాబు అంకెలు వేరేలా చెబుతుంటే సాప్ జాగ్రత్త పడి ఎక్కువ చికిత్స, పనిలో చేరాక ఎక్కువ ఫాలో-అప్ టెస్టులు రాస్తారు. నిజంగా వదలలేకపోతున్న మనిషి ఈ గదిలో ఆ మాట చెప్పుకోగలిగితే, దారి పొడుగూ పొంచి ఉన్న రెండో పాజిటివ్ ముప్పు చాలా వరకు తప్పుతుంది.

సిఫారసు నచ్చలేదని రెండో సాప్ దగ్గరికి వెళ్లడానికి లేదు. మొదట మదింపు చేసిన సాప్ మాత్రమే దాన్ని మార్చగలరు. మామూలుగా సాప్ తన సొంత చికిత్సాలయానికే పంపకూడదు. నా దగ్గరే కోర్సు తీసుకో అంటే, అందుకు కారణం అడగడం డ్రైవరు హక్కు.

చెప్పిన తరగతి గానీ చికిత్స గానీ పూర్తయ్యాక అదే సాప్ దగ్గర రెండో మదింపు ఉంటుంది. చికిత్స ఇచ్చినవాళ్ల నుంచి కాగితాలు తెప్పించుకుని, మనిషిని చూసి, సిఫారసును నిజంగా పాటించాడా అన్నది సాప్ తేలుస్తారు. పాటించాడంటే క్లియరింగ్‌హౌస్‌లో టెస్టుకు అర్హుడని నమోదు చేస్తారు. ఇది పనికి అనుమతి కాదు. పని ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ చేతిలోనే ఉంటుంది. చట్టం ప్రకారం కంపెనీ పాత డ్రైవరును తిరిగి తీసుకోవాల్సిన బాధ్యత లేదు. ఈ ఖర్చు ఎవరు భరించాలో కూడా పార్ట్ 40 చెప్పదు. యూనియను ఒప్పందం, కంపెనీ పాలసీ, ఆరోగ్య బీమా చూసుకోవాల్సిందే.

అసలు ముడి: టెస్టుకు పంపేదెవరు

ఇక్కడే ఎక్కువ మంది ఆగిపోతారు. రిటర్న్-టు-డ్యూటీ టెస్టు డ్రైవరు సొంతంగా వెళ్లి చేయించుకునేది కాదు. కంపెనీ పంపాలి. పాత కంపెనీ తీసేసింది. కొత్త కంపెనీ ముందు చెల్లే సీడీఎల్ చూపించమంటుంది. సీడీఎల్ తిరిగి రావాలంటే క్లియరింగ్‌హౌస్‌లో నిషేధం పోవాలి, అది పోవాలంటే టెస్టు నెగెటివ్ కావాలి, ఆ టెస్టుకు కంపెనీయే పంపాలి. మూడు తలుపులు, ఒకదాని తాళంచెవి ఇంకోదాని వెనకాల ఉన్నట్టు.

ఈ ముడి విప్పగలిగేది ఒక్కరే: డ్రైవరు ఇంకా నిషేధంలో, తగ్గించిన లైసెన్సుతో ఉండగానే, నిన్ను తీసుకోవాలనుకుంటున్నాం అని టెస్టుకు పంపగల కంపెనీ. అలాంటి కంపెనీలు ఉన్నాయి. పెద్ద వాటిలో చాలావాటి పాలసీ ఒప్పుకోదు, చిన్న వాటిలో కొన్నింటి బీమా ఒప్పుకోదు. అందుకని దరఖాస్తు ఫారం నింపకముందే ఫోను చేసి మూడు ప్రశ్నలు సూటిగా అడగడం మేలు. రిటర్న్-టు-డ్యూటీ టెస్టు మీరే పంపుతారా? సాప్ ఇచ్చిన ఫాలో-అప్ ప్లాను ఆసాంతం నడుపుతారా? సీడీఎల్ తిరిగి వచ్చేదాకా ఆగుతారా? మూడింటికీ ఔనంటేనే కాగితాలు పంపాలి. దాచి దరఖాస్తు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు, క్లియరింగ్‌హౌస్‌లో అంతా కనబడుతుంది. పైగా గత రెండేళ్లలో ఏ కంపెనీ ప్రీ-ఎంప్లాయ్‌మెంట్ టెస్టులోనైనా పాజిటివ్ గానీ రిఫ్యూజల్ గానీ వచ్చిందా అని కొత్త కంపెనీ అడగాలి, ఉద్యోగం రాకపోయినా ఆ సంగతి చెప్పాలి.

కంపెనీ ఊసే లేకుండా ఫీజు తీసుకుని రిటర్న్-టు-డ్యూటీ టెస్టు చేసి పెడతామనే బేరాలు వస్తే దూరంగా ఉండాలి. పంపిన యజమాని లేని టెస్టు ఈ లెక్కలోకి రాదు.

సొంత ట్రక్కు, సొంత ఎల్‌ఎల్‌సీ కంపెనీ ఉన్న ఓనర్-ఆపరేటరుకు ముడి కొంచెం వేరు. ఆయన యజమానీ, డ్రైవరూ. అయినా తన టెస్టు తానే ఆర్డరు చేసుకోలేడు, ఫాలో-అప్ తేదీలు తానే వేసుకోలేడు. కన్సార్టియం, అంటే కంపెనీల తరఫున టెస్టుల పని చూసే సీ/టీపీఏ అనే సంస్థలో చేరి, క్లియరింగ్‌హౌస్‌లో దాన్ని తన తరఫున నియమించుకోవాలి. టెస్టుకు పంపేదీ, నెగెటివ్‌ను నమోదు చేసేదీ ఆ సంస్థే. ఈ నియామకం చేయకుండానే టెస్టుకు వెళ్లి, నెగెటివ్ వచ్చినా స్టేటస్ మారక తల పట్టుకోవాల్సి వస్తుంది.

కలెక్షన్ గదిలో

రిటర్న్-టు-డ్యూటీ టెస్టు ఎప్పుడూ ప్రత్యక్ష పర్యవేక్షణలోనే జరగాలి. 2009 ఆగస్టు 31 నుంచి ఇది తప్పనిసరి. గదిలోకి వెళ్లేముందు జేబులు ఖాళీ చేయిస్తారు. పరిశీలకుడు డ్రైవరు లింగానికి చెందినవాడే అయి ఉండాలి. చొక్కా నడుము పైకి ఎత్తి, ప్యాంటు, లోదుస్తులు తొడల మధ్య దాకా దించి, ఒకసారి చుట్టూ తిరిగి చూపించాలి, శరీరానికి కృత్రిమ పరికరం కట్టుకోలేదని తెలియడానికి. తర్వాత దుస్తులు సర్దుకోనిస్తారు. మూత్రం శరీరం నుంచి కప్పులోకి పడటం పరిశీలకుడు కళ్లారా చూడాలి. కనీసం 45 మిల్లీలీటర్లు కావాలి. నాలుగు నిమిషాల లోపు కప్పు పక్కనున్న స్ట్రిప్పు 90 నుంచి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య చూపాలి. ఇది అవమానంగా అనిపిస్తుంది, అనిపించడం సహజం. కోపంతో మధ్యలో వెళ్లిపోతే మాత్రం అది రిఫ్యూజల్, కొత్త ఉల్లంఘన, మళ్లీ మొదటి మెట్టు. ముందే తెలిసి వెళ్లినవాడు నిలబడతాడు. నోటి ద్రవంతో పరీక్షకు కూడా 2023లో నిబంధన వచ్చింది గానీ, దానికి ప్రభుత్వ గుర్తింపున్న ల్యాబులు కనీసం రెండు ఉంటేనే అది అమల్లోకి వస్తుంది.

ఇక్కడ జరిగే తప్పుల్లో చాలావరకు కాగితం తప్పులే. నమూనాతో పాటు వెళ్లే కస్టడీ ఫారం మీద టెస్టు కారణం అనే వరస ఉంటుంది. క్లినిక్కులో రోజూ వందల ప్రీ-ఎంప్లాయ్‌మెంట్ టెస్టులు చేసే చేయి అలవాటుగా ఆ గడి దగ్గరే టిక్కు పెడుతుంది. పర్యవేక్షణ లేకుండా నమూనా తీసుకుని పంపేస్తుంది. ఫలితం నెగెటివ్ వచ్చినా అది రిటర్న్-టు-డ్యూటీ టెస్టు కాదు, క్లియరింగ్‌హౌస్‌లో స్టేటస్ కదలదు. అందుకే కంపెనీ ఇచ్చిన ఆర్డరు కాగితంలో రిటర్న్-టు-డ్యూటీ అనీ, డైరెక్ట్లీ అబ్జర్వ్డ్ అనీ రాసి ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి. సంతకం పెట్టేముందు ఫారం మీద టిక్కు ఎక్కడ పడిందో చూడాలి. ఫారం డీఓటీదేనా అన్నదీ గమనించాలి. చికిత్సాలయంలో వారం వారం తీసుకున్న నాన్-డీఓటీ టెస్టులు పది నెగెటివ్ వచ్చినా ఒక్క డీఓటీ టెస్టుకు సాటి రావు.

భయంతో ముందు రోజు గ్యాలన్లకు గ్యాలన్లు నీళ్లు తాగడం ఇంకో తప్పు. నమూనా పల్చబడి, మూత్రంలో సహజంగా ఉండే క్రియాటినిన్ డెసిలీటరుకు 2 నుంచి 5 మిల్లీగ్రాముల మధ్యకు పడితే, నెగెటివ్ అయినా వెంటనే మళ్లీ ఇవ్వమంటారు. 2 కంటే తగ్గి, నమూనా సాంద్రత కూడా పార్ట్ 40 చెప్పిన హద్దులు దాటితే అసలు మనిషి మూత్రమే కాదన్న తీర్పు రావచ్చు. టెస్టు ఏ కారణం చేతనైనా రద్దయితే అది నెగెటివ్‌గా పనికిరాదు, మళ్లీ ఇవ్వాల్సిందే. గంజాయి చాలాకాలం రోజూ తాగినవాళ్ల ఒంట్లో అది వారాల తరబడి నిలుస్తుంది. కోర్సు అయిపోయింది కదా అని తొందరపడకుండా, ఇప్పుడు వెళ్లవచ్చా అని సాప్‌నూ చికిత్స చేసినవాళ్లనూ అడిగి వెళ్లాలి. ఇక్కడ వచ్చే పాజిటివ్ రెండో ఉల్లంఘన. ఆ తర్వాత ఒప్పుకునే కంపెనీ దొరకడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

ఉల్లంఘన మద్యానిదైతే ఈ టెస్టులో 0.02 కంటే తక్కువ రావాలి. అవసరమనుకుంటే సాప్ డ్రగ్స్, మద్యం రెండింటికీ టెస్టు చేయమని చెప్పవచ్చు.

నెగెటివ్‌ను కంపెనీ మూడో పనిదినం ముగిసేలోగా క్లియరింగ్‌హౌస్‌లో నమోదు చేయాలి. అప్పుడు స్టేటస్ నాట్ ప్రొహిబిటెడ్‌గా మారుతుంది, ఆ కాగితంతో లైసెన్సు శాఖకు వెళ్లవచ్చు. మూడు రోజులు దాటినా మారకపోతే ఫోను చేయడానికి మొహమాటపడకూడదు.

ఫాలో-అప్: చెప్పకుండా వచ్చే పిలుపు

పనిలో చేరాక మొదటి 12 నెలల్లో కనీసం ఆరు ఫాలో-అప్ టెస్టులు. అన్నీ ముందు చెప్పకుండా, అన్నీ పర్యవేక్షణలో. ఆరు అనేది అడుగు మట్టం మాత్రమే. సాప్ పన్నెండు రాయవచ్చు, మొత్తం 60 నెలల దాకా పొడిగించవచ్చు. మొదటి ఏడాది అయ్యాక ఇక చాలనిపిస్తే మిగిలినది సాప్ ఎత్తేయవచ్చు. ఎన్ని, ఎంతకాలం అన్నది సాప్ నిర్ణయిస్తారు, తేదీలు కంపెనీ వేస్తుంది. ఆ ప్లాను కాగితం డ్రైవరుకు చూపించకూడదు. తేదీలు తెలియకుండా ఉండటంలోనే దాని బలమంతా ఉంది.

డ్రైవర్లందరిలోంచి చీటీ తీసినట్టు ఎంచి చేసే రాండమ్ టెస్టు ఇచ్చాను కదా, దాన్నే ఫాలో-అప్‌లో జమ చేయండి అంటే కుదరదు. అవి వేరు, ఇవి వేరు. సాప్ రాసినదానికంటే ఎక్కువ ఫాలో-అప్‌లు కంపెనీ తనంతట తాను పెట్టడమూ కుదరదు. కంపెనీ వైపు ఎక్కువగా జరిగే తప్పు మరిచిపోవడం. మూడు చేసి, డిసెంబరు వచ్చాక గుర్తొచ్చి వారానికొకటి చేస్తే తర్వాతిది ఎప్పుడో డ్రైవరుకు ముందే తెలిసిపోతుంది, ఆ ప్లాను పెట్టిన ఉద్దేశమే పోతుంది.

ఉద్యోగం మారితే ప్లాను కూడా వెంట వస్తుంది. క్లియరింగ్‌హౌస్‌లో ప్లాను వివరాలు ఉండవు కాబట్టి కొత్త కంపెనీ దాన్ని పాత కంపెనీ నుంచో సాప్ నుంచో తెప్పించుకోవాలి. మధ్యలో పని మానేసి ఇంటికి వెళ్లి కొన్ని నెలలు ఇండియాలో ఉండి వచ్చినా మిగిలిన టెస్టులు మిగిలే ఉంటాయి.

విమానాల్లో నిబంధన ఇంకా కఠినం. విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల కింద రెండోసారి డ్రగ్ పాజిటివ్ వచ్చిన ఉద్యోగి అప్పటిదాకా చేసిన భద్రతా విధులకు శాశ్వతంగా దూరమవుతాడు, డ్యూటీలో ఉండగా వాడినా అంతే. పైలట్‌కు మెడికల్ సర్టిఫికెట్ గొడవ వేరే ఉంటుంది. ట్రక్కుల్లో అలాంటి శాశ్వత గీత లేదు, రెండోసారీ దారి తెరిచే ఉంటుంది. తీసుకునే కంపెనీలే కరవు.

రికార్డు ఎన్నాళ్లుంటుందన్న ప్రశ్నకు జవాబు ఒక లెక్క. ఉల్లంఘన తేలిన రోజు నుంచి ఐదేళ్లు, లేదా ఫాలో-అప్ ప్లాను పూర్తయ్యేదాకా, ఏది తర్వాత వస్తే అది. 2024 మార్చిలో ఉల్లంఘన తేలి, ఆ సెప్టెంబరులో టెస్టు నెగెటివ్ వచ్చి, సాప్ 60 నెలల ప్లాను రాస్తే, ఐదేళ్లు 2029 మార్చిలో నిండుతాయి, ప్లాను 2029 సెప్టెంబరులో. రికార్డు వెళ్లేది ఆ సెప్టెంబరు తర్వాతే. ప్లాను పూర్తయిందని కంపెనీ నమోదు చేస్తేనే అది పూర్తయినట్టు. చివరి టెస్టు ఇచ్చిన వారంలో డ్రైవరు తన ఖాతాలోకి వెళ్లి ఆ తేదీ పడిందో లేదో చూసుకోవాలి. పడకపోతే అప్పుడే అడగాలి, ఎందుకంటే కంపెనీ మూతబడ్డాకో చేతులు మారాకో ఆ ఒక్క తేదీ పెట్టించడానికి మనిషి దొరకడు.